పంటి నొప్పికి మగ్గం ఆగకూడదు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో నూలు ధర గురించి మాట్లాడతాం, మజూరీ గురించి మాట్లాడతాం, పిల్లల చదువుల గురించి, కల్యాణ మండపం గురించి మాట్లాడతాం. పళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. "పంటి సంగతి కూడా ఒక సంగతేనా, నొప్పెడితే పీకించుకుంటే పోయె" అనుకుంటాం. అందుకే ఈసారి మా ఉపసంఘానికి ఇచ్చిన పావుగంటనూ పళ్ళకే వాడుకుంటున్నాం. నవ్వేవాళ్ళు నవ్వండి, పళ్ళు కనబడితే మాకూ సంతోషమే.

ఊరూరా సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. "ఉద్యోగం చేసేవాళ్ళకు కంపెనీ ఇన్సూరెన్సు ఇస్తుంది. మనకు కంపెనీ లేదు, సావుకారు ఇవ్వడు. పళ్ళకు తక్కువలో ఏదైనా పాలసీ ఉంటే చెప్పండి, కడతాం." ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. కానీ ఒక వరుస ఉంది. ఆ వరుసలో వెళితే చాలామందికి కొత్త పాలసీ కొనే అవసరమే రాదు. కొనాల్సినవాళ్ళకు కూడా ఏది చూసి కొనాలో తెలుస్తుంది. అదే ఈ పూట చెప్పదలచుకున్నాం.

మన పళ్ళకు ఏమవుతోంది

నేతపని కూర్చుని చేసేది. గంటల తరబడి కూర్చుంటాం, నిద్ర రాకుండా, ఆకలి తెలియకుండా ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటాం. కొందరికి వక్కాకు, కొందరికి జర్దా, ఈ మధ్య కుర్రవాళ్ళకు గుట్కా, మావా. మహారాష్ట్రలో మన ఆడవాళ్ళకు మిశ్రీతో పళ్ళు తోముకునే అలవాటు పట్టుకుంది. ఒడిశాలో గుడాఖు ఉంది. రెండూ పొగాకే. పళ్ళపొడి రూపంలో ఉంది కనుక మందు అనుకుంటున్నారు. కాదు. దానికితోడు పేక తెగితే దారాన్ని పంటితో కొరకడం, నాడె కంట్లోంచి దారం నోటితో పీల్చడం. చాయ్ అంటారా, రోజుకు ఎన్నిసార్లో లెక్కే లేదు. ప్రతిసారీ చక్కెర ఉండాల్సిందే.

కొన్నిచోట్ల నీళ్ళు కూడా కారణం. తమిళనాడులో ధర్మపురి, కృష్ణగిరి వైపు నేలనీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలుసు. హొగెనకల్ తాగునీటి పథకం పెట్టిందే అందుకు. అక్కడ పుట్టిన పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ మచ్చలు వస్తే తోమలేదని కొట్టకండి, అది నీటి దోషం.

పన్ను ఒక్కరోజులో పాడవదు. మొదట చిన్న నల్లమచ్చ. ఆ దశలో సిమెంటు పెట్టిస్తే ఒకే పూటలో పని అయిపోతుంది. వదిలేస్తే పుచ్చు లోపలి నరందాకా పోతుంది. అప్పుడు రూట్ కెనాల్, పైన క్యాపు, మూడు నాలుగుసార్లు తిరగాలి. అదీ వదిలేస్తే పీకించడమే. పీకించి ఊరుకుంటే పక్క పళ్ళు ఖాళీలోకి ఒరుగుతాయి, నమలడం ఒక పక్కకే పడుతుంది, చివరికి కట్టుడు పళ్ళు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఒక్కొక్క మెట్టు దిగేకొద్దీ ఖర్చు ఎన్నోరెట్లు పెరుగుతుంది. మన ఇళ్ళలో చాలామంది మొదటి మెట్టు మీద డాక్టరు దగ్గరకు పోరు, నొప్పి పుట్టాకే పోతారు. అప్పటికి తక్కువ ఖర్చు దశ దాటిపోయి ఉంటుంది. ఈ విషయం గుర్తు పెట్టుకోండి. ఏ పాలసీ మంచిదో తేల్చేటప్పుడు ఇదే మనకు కొలత.

మనకు ఇన్సూరెన్సు కొత్త కాదు

పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2005-06లో కేంద్ర ప్రభుత్వం చేనేత కార్మికుల కోసమని ఆరోగ్య బీమా పథకం తెచ్చింది. నేత మనిషి, భార్య లేదా భర్త, ఇద్దరు పిల్లలు, మొత్తం కుటుంబానికి ఏడాదికి 15,000 రూపాయలు. అందులో ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే బయటి వైద్యానికి 7,500. మనలాంటివాళ్ళకు బయటి వైద్యం కూడా ఇచ్చిన పథకం అది, ఆ మంచి ఒప్పుకోవాలి. కానీ పళ్ళ వైద్యానికి ఎంత పెట్టారో తెలుసా? 250 రూపాయలు. కళ్ళజోడుకూ అంతే, 250.

ఆ పథకాన్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కార్డు మీద "దంత వైద్యం కలదు" అని ఉన్నంత మాత్రాన సరిపోదు, పక్కన ఎంత అంకె ఉందో చూడాలి. ఇరవై ఏళ్ళ కిందటి ఆ పాఠం ఈరోజు పాలసీ అమ్మవచ్చేవాళ్ళ విషయంలోనూ అక్షరాలా పనికొస్తుంది.

మొదటి మెట్టు: మనకు యజమాని నిజంగానే లేడా?

కొత్తది కొనేముందు ఉన్నదేదో వెతుక్కోవాలి. సొంత ఇంట్లో సొంత మగ్గం ఉన్నవాళ్ళ సంగతి వేరు. కానీ సోలాపూర్, భివండీ, దొడ్డబళ్ళాపురంలో పవర్‌లూమ్ కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు మనలో వేలమంది. పదిమంది, అంతకు మించి పనిచేసే కార్ఖానాకు ఈఎస్ఐ వర్తిస్తుంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే మీరు ఈఎస్ఐలో ఉండాలి. మీ జీతంలోంచి నూటికి ముప్పావలా, అంటే 0.75 శాతం. యజమాని కట్టేది 3.25 శాతం. దానికి మీకూ, మీ కుటుంబానికీ వైద్యం ఉంటుంది. ఈఎస్ఐ ఆసుపత్రుల్లో పళ్ళ విభాగం ఉంటుంది. బయటి వైద్యం, మందులు కూడా ఇందులోనే.

కొన్నిచోట్ల పదిమంది ఉన్న కార్ఖానాను కాగితాల మీద రెండు ముక్కలు చేసి ఐదుగురు, ఐదుగురు అని చూపిస్తారు. కొన్నిచోట్ల పీసు మజూరీ కనుక మీరు కార్మికులే కారంటారు. పీసు లెక్కన ఇచ్చేదీ జీతమే. ఒంటరిగా అడిగితే పని పోతుందని భయం, ఆ భయం న్యాయమైనదే. అందుకే ఒక్కొక్కరుగా కాకుండా స్థానిక సంఘం తరఫున అడగాలి. ఆ బాధ్యత సంఘానిది.

సోలాపూర్‌లో మన ఆడవాళ్ళు ఎందరో బీడీలు చుడతారు. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకు కేంద్ర కార్మిక శాఖ సంక్షేమ డిస్పెన్సరీలు ఉన్నాయి. కార్డు బీరువాలో పెట్టి తాళం వేసుకోకండి, దాంతో ఏమి వస్తుందో అక్కడికి వెళ్ళి అడగండి.

రెండో మెట్టు: ప్రభుత్వ కార్డు దేనికి, దేనికి కాదు

ఆయుష్మాన్ భారత్ కార్డు గురించి వినని ఇల్లు లేదు. 2018 సెప్టెంబరులో మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. పట్నాల్లో అర్హుల జాబితాలో ఇంటి దగ్గర పనిచేసుకునేవాళ్ళు, చేతివృత్తులవాళ్ళు, దర్జీలు అని ఒక వర్గమే ఉంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు నిండినవారెవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తున్నారు. రాష్ట్రాల పథకాలూ ఉన్నాయి. తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా, దానికి ఏడాది ఆదాయం 1,20,000 లోపు ఉండాలి. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన, ఇప్పుడు అన్ని రకాల రేషన్ కార్డులవాళ్ళకూ విస్తరించింది. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్‌తోపాటు గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తోంది. కర్ణాటకలో సహకార సంఘాల సభ్యులకు యశస్విని 2003లో వచ్చింది, మధ్యలో ఆగింది, 2022-23లో మళ్ళీ మొదలైంది. మన నేత సహకార సంఘాలవాళ్ళు సభ్యత్వ కాగితాలు సరిచూసుకుని దాని గురించి విచారించాలి.

ఇక అసలు మాట. ఈ కార్డులన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. సిమెంటు పెట్టడం, క్లీనింగు, రూట్ కెనాల్ లాంటి కుర్చీ మీద కూర్చుని చేయించుకునే పనులు వీటిలోకి రావు. చాలామంది కార్డు పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళి, కాదనిపించుకుని, "ఈ కార్డు దండగ" అంటూ తిరిగొస్తారు. దండగ కాదు. దవడ విరిగినా, నోట్లో గడ్డ ఆపరేషను అయినా, అన్నిటికన్నా ముఖ్యంగా నోటి క్యాన్సర్ అయినా ఇల్లు అమ్ముకోకుండా కాపాడేది ఆ కార్డే. పొగాకు, వక్క వాడకం ఉన్న మన కుటుంబాల్లో అది చిన్న ప్రమాదం కాదు. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోయినా, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ పోకపోయినా, నోరు మునుపటిలా తెరుచుకోక మిరపకాయ తగిలితే మంట పుడుతున్నా ఆ వారమే డాక్టరుకు చూపించాలి. కార్డు లేనివాళ్ళు జబ్బు వచ్చాక కాదు, ఈ నెలలోనే తీసుకోండి. వివరాలకు 14555 నంబరుకు ఫోను చేయవచ్చు.

కాబట్టి కార్డు పెద్ద దెబ్బకు గొడుగు. చిన్న తుంపరకు వేరే ఏర్పాటు కావాలి.

మూడో మెట్టు: ప్రభుత్వ దంత కళాశాల

చిన్న పనులకు మన జేబుకు సరిపడే చోటు ప్రభుత్వ దంత కళాశాలల ఆసుపత్రులే. చెన్నైలో తమిళనాడు ప్రభుత్వ దంత కళాశాల, బెంగళూరులో ప్రభుత్వ దంత కళాశాల, ముంబయిలో ప్రభుత్వ దంత కళాశాల, కార్పొరేషన్ వారి నాయర్ దంత ఆసుపత్రి, కటక్‌లో ఎస్‌సీబీ దంత కళాశాల, పుదుచ్చేరిలో మహాత్మా గాంధీ దంత విజ్ఞాన సంస్థ. ఇంత దూరం పోలేనివాళ్ళకు జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో పళ్ళ విభాగం సాధారణంగా ఉంటుంది. బరంపురంవాళ్ళకు ఎంకేసీజీ ఉంది. యానాంవాళ్ళకు పుదుచ్చేరి ఎక్కడో ఉంది, కాకినాడ పక్కనే ఉంది. పాలన అటు, వైద్యం ఇటు అని మొహమాటపడనక్కర్లేదు. ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా విద్యార్థులు నేర్చుకోవడానికి రోగులు రావాలి కనుక బయటి క్లినిక్‌కన్నా బాగా తక్కువకు చేస్తారు. పక్కన ప్రొఫెసరు నిలబడి చూస్తారు కనుక పని చెడిపోతుందన్న భయం అక్కర్లేదు. కర్ణాటకలో బీపీఎల్ కార్డున్న పెద్దవారికి ఉచితంగా కట్టుడు పళ్ళు అమర్చే దంతభాగ్య పథకం కూడా ఉంది, మన ముసలివాళ్ళకు దాని సంగతి చెప్పండి.

ఇక్కడ ఖర్చు తక్కువ, పట్టే సమయం ఎక్కువ. వరుసలో నిలబడాలి, ఒక పనికి మూడు నాలుగుసార్లు పోవాలి. పోయిన రోజు మజూరీ పోతుంది, బస్సు ఛార్జీ అదనం. అందుకని రెండు మాటలు చెబుతాం. ఒకటి, పడుగు అయిపోయి కొత్త పడుగు అతికే మధ్య రోజులు ప్రతి నేత ఇంట్లో ఉంటాయి. ఆ రోజులు చూసి పళ్ళ పని పెట్టుకోండి. రెండు, ఒక్కరే పోకండి. నలుగురైదుగురు కలిసి పోండి, రాష్ట్ర భాష రాయడం చదవడం బాగా వచ్చిన మన పిల్లల్లో ఒకరిని తోడు తీసుకుపోండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దమ్మకు తమిళంలోనో మరాఠీలోనో చీటీ ఇస్తే ఏ గదికి పోవాలో తెలియక మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుని తిరిగొచ్చేస్తుంది. మళ్ళీ రమ్మంటే రాదు. తోడు మనిషి ఉంటే సగం వైద్యం అయినట్టే.

నాలుగో మెట్టు: పాలసీ కొనాలా వద్దా

ఇప్పుడు కొనే పాలసీల దగ్గరకు వద్దాం. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని సామెత. పళ్ళు నిలబెట్టుకోవడానికి మాత్రం ఏ పాలసీ అయితేనేం అనుకుంటే కుదరదు.

మన దేశంలో ఒక్క పళ్ళకే ప్రత్యేకంగా ఉండే పాలసీలు అరుదు. మామూలు ఆరోగ్య పాలసీల్లో పళ్ళ వైద్యం సాధారణంగా ప్రమాదం వల్ల దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితేనే ఇస్తారు. అన్ని కంపెనీలూ ఒకే నియమాలతో అమ్మాల్సిన ఆరోగ్య సంజీవని పాలసీ 2020 ఏప్రిల్ నుంచి ఉంది. అందులో జబ్బువల్లగాని దెబ్బవల్లగాని అవసరమైన పళ్ళ వైద్యం అని రాసి ఉంటుంది, అయితే అదీ ఆసుపత్రిలో చేరే వైద్యం లెక్కలోనే. బిల్లులో 5 శాతం మనం భరించాలి. ప్రభుత్వ కార్డుకు అర్హత లేక, ఈఎస్ఐ లేక మధ్యలో మిగిలిపోయిన కుటుంబానికి ఇది పెద్ద దెబ్బకు గొడుగుగా పనికొస్తుంది. మామూలు పుచ్చు పన్నుకు పనికిరాదు.

పళ్ళ మామూలు పనులు కావాలంటే ఓపీడీ అనే అదనపు భాగం ఉన్న పాలసీ చూడాలి. అలాంటిది అమ్మడానికి వస్తే ఈ ఐదు ప్రశ్నలు అడగండి. నోటి మాట కాదు, పాలసీ కాగితంలో చూపించమనండి.

ఒకటి, ఆసుపత్రిలో చేరకుండా కుర్చీ మీద చేసే పళ్ళ పనికి ఇస్తారా?

రెండు, పళ్ళకు ఏడాదికి గరిష్ఠంగా ఎంత? మొత్తం ఓపీడీ ఎంత అని కాదు, పళ్ళకు విడిగా ఎంత అని.

మూడు, ఎన్నాళ్ళు ఆగాలి? కొన్న మర్నాడే ఇవ్వరు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళదాకా ఆగమనే అధికారం కంపెనీకి ఉంది. ఇప్పటికే పుచ్చిన పన్ను ఏ లెక్కలోకి వస్తుందో తేల్చుకోండి.

నాలుగు, మన ఊళ్ళో ఏ డాక్టరు దగ్గర చెల్లుతుంది? జాబితా అంతా పెద్ద నగరాలదైతే మన చిన్న ఊరివాళ్ళకు ఏం లాభం?

ఐదు, ఏవి ఇవ్వరు? క్లీనింగు, క్యాపు, ఇంప్లాంటు, పిల్లల పళ్ళకు క్లిప్పులు, కట్టుడు పళ్ళు. వీటిలో ఎన్ని కొట్టేశారో చూసి, మిగిలింది ఏమిటో చూడండి.

తర్వాత పలక మీద లెక్క వేయండి. ఉదాహరణకు ఓపీడీ భాగానికి అదనంగా ఏడాదికి 3,000 అడుగుతున్నారనుకుందాం. పళ్ళకు గరిష్ఠం 2,500 అనుకుందాం. అప్పుడు మీ పళ్ళన్నీ ఒకేసారి పాడైనా మీరు కట్టినంత తిరిగిరాదు. ఇదే గరిష్ఠం 10,000 ఉండి, రూట్ కెనాల్ కూడా ఇస్తూ, మీ ఊళ్ళోనే డాక్టరు ఉంటే ఆలోచించవచ్చు. అంకెలు మీ పాలసీవి వేసుకోండి, లెక్క పద్ధతి ఇదే.

"డెంటల్ కార్డు", "మెంబర్‌షిప్ ప్లాను" అని కొందరు అమ్ముతారు. అది ఇన్సూరెన్సు కాదు. ఫలానా క్లినిక్కుల్లో ఇంత తగ్గింపు అని మాట ఇచ్చే కార్డు. తగ్గించక ముందు ధర ఎంతో ఇంకో రెండు చోట్ల విచారించకుండా తగ్గింపుకు మురిసిపోకండి.

కొన్నాక మనసు మారితే పాలసీ చేతికి అందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు, అంతకుముందు 18 శాతం ఉండేది. ఎవరైనా ఇంకా కలిపి అడిగితే రసీదు అడగండి. క్లెయిము అన్యాయంగా తిప్పికొడితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, తర్వాత 155255 నంబరు, దానికీ తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఖర్చు ఉండదు, వకీలు అక్కర్లేదు. తమిళనాడువాళ్ళకు చెన్నై, కర్ణాటకవాళ్ళకు బెంగళూరు, ఒడిశావాళ్ళకు భువనేశ్వర్, సోలాపూర్‌వాళ్ళకు పుణె. యానాంవాళ్ళకు మాత్రం హైదరాబాదు.

ఐదో మెట్టు: ఇంటి ఇన్సూరెన్సు

ఇంత చెప్పాక మా ఉపసంఘం అభిప్రాయం దాచుకోం. మన మజూరీ కుటుంబాల్లో ఎక్కువమందికి పళ్ళ కోసం విడిగా ప్రీమియం కట్టడం కన్నా పళ్ళ కోసం విడిగా దాచుకోవడమే మేలు. పెద్ద దెబ్బకు ప్రభుత్వ కార్డో ఆరోగ్య సంజీవనో ఉంచుకుని, చిన్న పనులకు నెలకు ఇంత అని పక్కన పెట్టాలి. పళ్ళ ఖర్చు చాలావరకు ముందే ఊహించగలిగే ఖర్చు. ఊహించగలిగిన ఖర్చుకు పొదుపు, ఊహించలేనిదానికి బీమా. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, మన అమ్మమ్మలు పోపులపెట్టెతో చేసిన పనే.

నెలకు 300 చొప్పున ఏడాదికి 3,600. నలుగురున్న ఇంట్లో ఏడాదికోసారి అందరికీ పరీక్ష చేయించి, అవసరమైనచోట క్లీనింగు, చిన్న పుచ్చులకు సిమెంటు ప్రభుత్వ దంత కళాశాలలో చేయించుకోవడానికి ఇది ఎక్కువమందికి సరిపోతుంది. మిగిలితే మీదే, ఏ కంపెనీ తినేయదు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతో కూడా మొదలుపెట్టవచ్చు, కానీ అది ఐదేళ్ళది. ఏడాదిలో చేతికి రావాలంటే బ్యాంకులో ఏడాది ఆర్‌డీ వేసుకోండి.

"దాచుకునేంత మిగిలితే ఇక్కడికెందుకు వచ్చాం" అని అడిగేవాళ్ళున్నారు. నిజమే. సీజను లేని నెలల్లో బియ్యానికే ఇబ్బంది. ఆ ఇళ్ళకు మా సలహా వేరు: పొదుపు గురించి బెంగ వద్దు, ఇంట్లో పిల్లలను ఏడాదికోసారి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి చాలు. బస్సు ఛార్జీ సంఘం చూసుకోవాలి. జర్దా, గుట్కాల మీద రోజూ పోయే పదో పాతికో ఆగిపోతే అక్కడే నెలకు 300 కన్నా ఎక్కువ పోగవుతుంది. ఈ మాట చెబితే మగవాళ్ళకు కోపం వస్తుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు కనుక కోపం సంగతి తర్వాత చూసుకుందాం.

సంఘాలు చేయగలిగినవి, చేయకూడనివి

కొందరు యువకులు ఉత్సాహంగా ఒక ఆలోచన చెప్పారు. సమాఖ్యే అందరి దగ్గరా తలా ఇంత వసూలు చేసి, ఎవరికి పంటి ఖర్చు వస్తే వాళ్ళకు ఇస్తే ఎలా ఉంటుందని. ఆలోచన వెనక ఉన్న ప్రేమకు నమస్కారం. కానీ డబ్బు వసూలు చేసి, నష్టం వస్తే ఇంత ఇస్తామని హామీ ఇవ్వడం ఇన్సూరెన్సు వ్యాపారం అవుతుంది. లైసెన్సు లేకుండా చేయకూడదు. ఒక ఏడాది క్లెయిములు ఎక్కువైతే డబ్బు చాలక మనలో మనకే తగవులు. కనుక పొదుపు ఎవరి ఖాతాలో వాళ్ళదే ఉండనివ్వండి.

చట్టం ఒప్పుకునే దారి గ్రూపు పాలసీ. ఇన్సూరెన్సు కోసమే గ్రూపు కట్టకూడదని నియమం. మన సమాఖ్య వేరే పనుల కోసం ఏళ్ళుగా ఉన్నదే కనుక మన సభ్యుల కోసం కంపెనీలతో మాట్లాడవచ్చు. పళ్ళకు విడిగా ఎంత, మన ఊళ్ళలో ఏ డాక్టర్లు, ముందున్న పుచ్చుల సంగతేమిటి అని ఒక్కొక్కరం అడిగితే వినరు. వేల కుటుంబాల తరఫున అడిగితే వింటారు. అయితే జీఎస్టీ మినహాయింపు గ్రూపు పాలసీకి వర్తించదు, ఆ తేడా కలుపుకుని లెక్క వేయాలి. వచ్చే కార్యవర్గం ముందు ఈ పని పెట్టాలని మా విన్నపం.

అంతదాకా ప్రతి ఊరి సంఘం చేయగలిగిన పనులు మూడు. మొదటిది, మీ ఊరికి దగ్గరలోని ప్రభుత్వ దంత విభాగం ఏది, ఏ రోజుల్లో చూస్తారు, చీటీ ఎన్ని గంటలకు ఇస్తారు, ఏ కార్డు తీసుకుపోవాలి అన్నది ఒక కాగితం మీద రాసి సంఘం గోడకు అంటించండి. రెండోది, తోడు వెళ్ళే యువకుల పేర్లు దాని కింద రాయండి. మూడోది, ఏడాదికి ఒకసారి దంత కళాశాలవాళ్ళను పిలిచి శిబిరం పెట్టండి. కళాశాలలు ఇలాంటి శిబిరాలకు వస్తాయి. కానీ శిబిరం ఫోటోతో అయిపోకూడదు. ఎవరికి ఏ పని చేయాలన్నారో రాసుకుని, మూడు నెలల తర్వాత ఎంతమంది చేయించుకున్నారో సంఘం సమావేశంలో చదవాలి.

ఇంట్లో చేయగలిగినదీ ఉంది. రాత్రి పడుకునేముందు కూడా పళ్ళు తోముకోవాలి, పిల్లలచేత తోమించాలి. దారం తెంపడానికి పన్ను కాదు, కత్తెర. అది మగ్గానికి ఒక తాడుతో కట్టి ఉంచండి, అప్పుడు వెతుక్కోనక్కర్లేదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే ఊరుకోకండి. చిగుళ్ళ జబ్బు, చక్కెర జబ్బు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

పెద్దలు ఒక మాట అంటుంటారు, పేక తెగితే అప్పుడే అతుక్కోవాలి, జానెడు నేశాక చూస్తే విప్పాల్సిందే అని. పన్నూ అంతే. మన తాతలు ఊళ్ళు విడిచి, మగ్గం విప్పి బళ్ళకెత్తుకుని పరాయి రాష్ట్రాలకు వచ్చినప్పుడు వాళ్ళకు కంపెనీ లేదు, కార్డు లేదు. ఒకరికొకరు తోడు ఉన్నారు, నిలబడ్డారు. ఇప్పుడు మనకు కార్డులూ ఉన్నాయి, ఆసుపత్రులూ ఉన్నాయి. తోడు మాత్రం మనమే ఇచ్చుకోవాలి.

ఈ సంచిక ఇంటింటి ఫోనుకూ వస్తుంది. తెలుగు చదవడం రాని పిల్లలకు మీరు చదివి వినిపించండి. ఇంటికి వెళ్ళగానే ఇంట్లో ఏ కార్డు ఉందో వెతికి పైకి తీయండి, తర్వాత పడుగు దిగే రోజు ఎప్పుడో చూసి ఆసుపత్రికి తేదీ పెట్టుకోండి.

 

జై చేనేత.